బెయిలు కాగితంలో స్త్రీ

తీర్పుల్ని సాహిత్యంలా చదవడం మనకి కొత్త కాదు. 1979లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగమ్వార్, రఘునాథ్ కేల్కర్ కలిసి సుప్రీంకోర్టుకి రాసిన బహిరంగ లేఖని నేను స్త్రీవాద విమర్శగానే చదువుకున్నాను. మథుర అనే ఆదివాసీ బాలికపై పోలీసుస్టేషన్‌లో అత్యాచారం జరిగితే, ఆమె ఒంటిమీద గాయాలు లేవు కాబట్టి ప్రతిఘటించలేదని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ నలుగురూ చేసింది ఆ తీర్పుని వాక్యం వాక్యం పట్టుకుని చదవడమే. అదే 1978లో హైదరాబాదులో రమీజాబీ విషయంలో జరిగిందీ మనం మరిచిపోలేదు. ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టింది. కానీ కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన ఆమె శీలం చుట్టూనే తిరిగింది. చివరికి రాయచూరు కోర్టులో పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు.

అప్పటినుంచీ మనం చదువుతూ వచ్చినవి ఎక్కువగా తుది తీర్పులు. వాటికంటే ముందు పుట్టే చిన్న కాగితం ఒకటుంది, బెయిలు ఉత్తర్వు. రెండు పేజీలో, నాలుగు పేజీలో ఉంటుంది. చాలావాటిని న్యాయశాస్త్ర పత్రికలు అచ్చువేయవు. రోజూ దేశమంతటా వేల సంఖ్యలో పుడతాయి. తుది తీర్పు రావడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టే దేశంలో, చాలామంది జీవితాల్లో అసలు తీర్పు ఆ కాగితమే. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి మన జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు. అంటే వాళ్ళ నేరం ఇంకా రుజువు కాలేదు. వాళ్ళెందుకు లోపలున్నారో చెప్పేది ఆ చిన్న కాగితమే. ఒక ఫిర్యాదుదారు ఇంటి ఎదుట నిందితుడు మళ్ళీ ఎందుకు తిరుగుతున్నాడో చెప్పేదీ అదే.

నేను సాహిత్యం పాఠాలు చెప్పేదాన్ని. కథ చదివేటప్పుడు దీన్ని ఎవరు చెబుతున్నారు, ఎవరి కళ్ళతో చూస్తున్నాం, ఎవరి మాట నమ్మమంటున్నారు అని విద్యార్థుల్ని అడగడం నాకు అలవాటు. కొన్నేళ్ళుగా బెయిలు ఉత్తర్వుల్నీ అవే ప్రశ్నలతో చదువుతున్నాను.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. తీవ్రమైన నేరాల్లో బెయిలు ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు విచక్షణ. ఆ విచక్షణకి కొన్ని కొలతలున్నాయి. ఆరోపణకి పైపైన చూస్తే ఆధారం కనిపిస్తోందా? నేరం ఎంత తీవ్రమైనది, శిక్ష ఎంత? నిందితుడు పారిపోతాడా? సాక్షుల్ని బెదిరిస్తాడా, సాక్ష్యాల్ని చెరిపేస్తాడా? మళ్ళీ అదే నేరం చేస్తాడా? 2010లో ప్రశాంత కుమార్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు వీటినన్నిటినీ ఒకచోట వరసగా పేర్చింది. ఆ వరసలో నిందితుడి నడవడి, హోదా కూడా ఉన్నాయి. బెయిలు దశలో సాక్ష్యాల్లోకి లోతుగా దిగకూడదనీ, అయినా కారణాలు మాత్రం తప్పక రాయాలనీ కోర్టులు పదేపదే చెప్పాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. సాక్ష్యం ఇంకా విననే లేదు, కానీ నిర్ణయం చెయ్యాలి, కారణం రాయాలి. మరి ఆ ఖాళీని దేనితో నింపుతారు? 1977లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన గుడికంటి నరసింహులు కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ సంగతిని దాచుకోకుండా రాశారు. బెయిలు విషయంలో చట్టం క్లుప్తంగా మాట్లాడుతుంది, కోర్టులు మౌనంగా ఉండటానికే ఇష్టపడతాయి, చివరికి న్యాయమూర్తి మనసుకి తోచినదే విచక్షణ అనే పేరుతో నిలుస్తుంది అని ఆయన భావం. ఆ తోచడం అనేది గాలిలోంచి రాదు. మనం పెరిగిన ఇంట్లోంచి, విన్న సామెతల్లోంచి, మంచి ఆడదంటే ఎలా ఉండాలో మనకి నూరిపోసిన ఊహల్లోంచి వస్తుంది. సాక్ష్యం లేని చోట పితృస్వామ్యం సాక్షిగా వచ్చి నిలబడుతుంది.

2020 జూన్‌లో కర్ణాటక హైకోర్టు ఒక అత్యాచారం కేసులో ముందస్తు బెయిలు ఇచ్చింది. ఫిర్యాదు చేసింది నిందితుడి దగ్గర పనిచేసే ఉద్యోగిని. రాత్రి పదకొండు గంటలకి ఆఫీసుకి ఎందుకు వెళ్ళింది, అతనితో కలిసి మద్యం తీసుకోవడానికి ఎందుకు అభ్యంతరం చెప్పలేదు అని ఉత్తర్వు అడిగింది. ఆ సంఘటన తర్వాత అలసిపోయి నిద్రపోయానని ఆమె చెబితే, అది భారతీయ స్త్రీకి తగని పని అంది. విమర్శ చెలరేగాక ఆ మాటని ఉత్తర్వులోంచి తొలగించారు. కానీ దాన్ని రాయించిన ఆలోచన ఎక్కడికి పోతుంది? పారిపోతాడా, బెదిరిస్తాడా అని నిందితుడి గురించి వేయాల్సిన ప్రశ్నల చోట, ఎప్పుడు పడుకున్నావు, ఎందుకు పడుకున్నావు అని ఆమె గురించి ప్రశ్నలొచ్చాయి. బెయిలు అడిగింది అతను, పరీక్షకి నిలబడింది ఆమె!

అదే ఏడాది జులైలో మధ్యప్రదేశ్ హైకోర్టు ఇందోరు బెంచి ఇచ్చిన ఉత్తర్వు ఇంకా విచిత్రం. పొరుగింటి స్త్రీపై లైంగిక దాడి చేశాడన్న ఆరోపణ ఉన్న వ్యక్తికి బెయిలిస్తూ, రాఖీ పండగనాడు భార్యని వెంటబెట్టుకుని, రాఖీ, మిఠాయి డబ్బా తీసుకుని ఆమె ఇంటికే వెళ్ళమంది. రాఖీ కట్టమని అడగాలట. ఎల్లకాలం ఆమెని కాపాడతానని మాటివ్వాలట. ఆచారం ప్రకారం పదకొండు వేలు ఆమె చేతిలో పెట్టి, ఆమె కొడుక్కి బట్టలకీ మిఠాయిలకీ అయిదు వేలివ్వాలట. ఫొటోలు తీయించుకుని కోర్టుకి దాఖలు చెయ్యాలట.

ఇది చదివినప్పుడు మన ఊళ్ళ పంచాయితీలు గుర్తొచ్చాయి నాకు. ఆడపిల్లకి అన్యాయం జరిగితే పెద్దమనుషులు కూర్చుని, తలో మాట అని, తప్పు కట్టించి, చీరా జాకెట్టు పెట్టించి పంపేయడం మనకి తెలియనిదా? ఒక నేరాన్ని కుటుంబ కథగా మార్చేస్తే నేరస్తుడు అన్నవుతాడు, దెబ్బతిన్నది చెల్లెలవుతుంది. ఆపైన అన్న మీద కేసేమిటి? బెయిలు షరతు ఉన్నది నిందితుణ్ణి ఫిర్యాదుదారుకి దూరంగా ఉంచడానికి. ఇక్కడ ఆ షరతే అతన్ని ఆమె గుమ్మం ఎక్కించింది. ఆమె ఇష్టం ఏమిటని అడిగిన జాడ మాత్రం ఆ షరతుల్లో లేదు.

అపర్ణా భట్, మరో ఎనిమిదిమంది మహిళా న్యాయవాదులు దీనిమీద సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2021 మార్చి 18న ఆ షరతుని కోర్టు కొట్టేసింది. బెయిలు షరతుల పేరుతో నిందితుడికీ ఫిర్యాదుదారుకీ సంబంధం కల్పించకూడదు, రాజీ చేసుకోమనో పెళ్ళి చేసుకోమనో సలహా ఇవ్వకూడదు, ఆమె దుస్తుల గురించీ గత జీవితం గురించీ వ్యాఖ్యానించకూడదు అని స్పష్టంగా చెప్పింది. ఎంతో విలువైన తీర్పు. 2023లో సుప్రీంకోర్టు ఈ మూస భావాల గురించి ఒక కరదీపికే వెలువరించింది. అయినా 2025 మార్చిలో అలహాబాదు హైకోర్టు ఒక ఎం.ఏ. విద్యార్థిని కేసులో నిందితుడికి బెయిలిస్తూ, ఆమె చెప్పింది నిజమే అనుకున్నా కష్టాన్ని కొనితెచ్చుకున్నది ఆమే అని రాసింది. ఆమె స్నేహితురాళ్ళతో కలిసి బారుకి వెళ్ళడం, ఎం.ఏ. చదువుతూ తన మంచిచెడ్డలు తెలుసుకోగల స్థితిలో ఉండటం దానికి కారణాలయ్యాయి. ఆ తర్వాతి నెలలో ఈ వ్యాఖ్యని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. తప్పుపట్టడం, మళ్ళీ రాయడం ఇలా సాగుతూనే ఉంది.

అలహాబాదు ఉత్తర్వులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ చదువు మాట. చదువుకున్న స్త్రీకి రక్షణ అక్కర్లేదన్న ధోరణి. ఇదే ధోరణి, స్త్రీ నిందితురాలిగా నిలబడినప్పుడు కూడా ఎదురవుతుంది.

తీవ్ర నేరాల్లో బెయిలుకి కఠిన నిబంధనలున్నా స్త్రీలకి కొంత సడలింపు ఇవ్వవచ్చని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 437వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 480వ సెక్షన్ కూడా చెబుతోంది. అక్రమ ధన చలామణి నిరోధక చట్టం 45వ సెక్షన్‌లోనూ అలాంటి మినహాయింపే ఉంది. స్త్రీలని ఎవరితో కలిపారో చూడండి: పిల్లలు, రోగులు, అశక్తులు. పిల్లల్ని సాకే బాధ్యతా, ఇంట్లో పడకేసిన వాళ్ళ బాధ్యతా ఈ సమాజం ఆడదాని నెత్తినే పెట్టింది కాబట్టి ఆ సడలింపు న్యాయమే అని నేను వాదిస్తాను. కానీ చట్టం ఆ కారణం చెప్పలేదు. బలహీనుల జాబితాలో పేరు మాత్రం చేర్చింది.

ఆ జాబితా ఫలితమేమిటో 2024లో కల్వకుంట్ల కవిత కేసులో చూశాం. ఢిల్లీ మద్యం విధానం కేసులో ఆమెని మార్చి 15న హైదరాబాదులో అరెస్టు చేశారు. ఆ కేసు నిజానిజాల జోలికి, ఆమె రాజకీయాల జోలికి నేను పోవడంలేదు. ఉత్తర్వు వరకే నా చూపు. ఆ జులై 1న ఢిల్లీ హైకోర్టు బెయిలు నిరాకరిస్తూ ఆమె బాగా చదువుకున్నదీ సమాజంలో స్థానం ఉన్నదీ కాబట్టి బలహీన స్త్రీ కాదు, ఆ మినహాయింపు ఆమెకి వర్తించదు అంది. ఆ ఉత్తర్వు రాసింది కూడా ఒక మహిళా న్యాయమూర్తే. అంతకుముందు 2023 డిసెంబరులో సౌమ్యా చౌరాసియా కేసులో, చదువూ హోదా ఉన్న స్త్రీలు కూడా నేరాల్లో దిగుతున్నారు కాబట్టి జాగ్రత్తగా చూడాలని సుప్రీంకోర్టు చెప్పిన మాట దానికి ఆధారమైంది. ఆగస్టు 27న సుప్రీంకోర్టే హైకోర్టు ఉత్తర్వుని కొట్టేసి బెయిలిచ్చింది. ఈ లెక్కన చదువుకున్న ఏ స్త్రీకీ బెయిలు రాదు కదా అని ప్రశ్నించింది. దర్యాప్తు ముగిసింది, 493 మంది సాక్షులూ సుమారు 50,000 పేజీల పత్రాలూ ఉన్నాయి, విచారణ ఇప్పట్లో తేలదు అన్నది బెయిలుకి ముఖ్య కారణం.

ఈ రెండు రకాల ఉత్తర్వుల్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఫిర్యాదు చేసినామె చదువుకున్నదైతే, అన్నీ తెలిసే వెళ్ళింది కాబట్టి తప్పు ఆమెది. నిందితురాలు చదువుకున్నదైతే, అన్నీ తెలిసే చేసింది కాబట్టి జాలి కూడదు. ఒకామె కోర్టుకి ఇటు నిలబడింది, ఒకామె అటు నిలబడింది. ఇద్దరినీ కొలిచిన గజంబద్ద మాత్రం ఒకటే. ఏమీ తెలియని, గడప దాటని, నోరెత్తని ఒక ఊహా స్త్రీ అందులో ఉంది. ఆమెకి కోర్టు దయ చూపుతుంది. ఆమెకంటే ఒక్క అంగుళం పెరిగిన వాళ్ళు నష్టపోవాల్సిందే.

ఆ దయ కూడా ఎలాంటిదో సఫూరా జర్గర్ ఉదంతం చెబుతుంది. జామియా మిలియా విద్యార్థిని. 2020 ఏప్రిల్‌లో గర్భిణిగా ఉండగా ఉపా చట్టం కింద జైలుకెళ్ళింది. జూన్ 4న కింది కోర్టు బెయిలు నిరాకరించింది. నిప్పులతో ఆడుకున్నవాళ్ళు నిప్పురవ్వని గాలి మోసుకుపోయిందని వాపోకూడదన్న అర్థం వచ్చే అలంకారం ఒకటి అందులో రాసింది. సాక్ష్యం చెప్పాల్సిన చోట ఉపమానం చెప్పిందన్నమాట. పోలీసులు హైకోర్టులో బెయిలుని వ్యతిరేకిస్తూ, తీహారు జైల్లో పదేళ్ళలో 39 కాన్పులు జరిగాయని లెక్క చూపించారు. మిగతావాళ్ళు కనలేదా, ఈమె కంటే ఏం అన్నట్టుంది ఆ లెక్క! చివరికి జూన్ 23న మానవతా దృష్టితో అభ్యంతరం లేదని ప్రభుత్వమే అంటే హైకోర్టు విడుదల చేసింది. ఇది మరో కేసుకి ఉదాహరణ కాకూడదని కూడా చెప్పింది. ఆమె కడుపుని చూసి వదిలిపెట్టారు కానీ, ఆమె హక్కు గురించి ఏమీ తేల్చలేదు.

ఉపా చట్టానికి 2008లో చేర్చిన 43డి(5) నిబంధన ప్రకారం, ఆరోపణ పైపైన నిజమని నమ్మడానికి ఆధారం ఉందనిపిస్తే బెయిలు ఇవ్వకూడదు. 2019లో వటాలి కేసులో సుప్రీంకోర్టు, బెయిలు దశలో ఆ ఆధారాల్ని విడమరిచి తూచకూడదంది. అంటే పోలీసులు చెప్పిన కథని దాదాపు అలాగే నమ్మాలి. ఇక్కడే నాలోని పాఠకురాలు ఆగిపోతుంది. రెండుచోట్లా సాక్ష్యం ఇంకా వినలేదు. అత్యాచారం ఫిర్యాదులో స్త్రీ చెప్పిన కథ అయితే ప్రతి పంక్తికీ ఈకలు పీకుతారు, అర్ధరాత్రి ఎందుకెళ్ళావంటారు. రాజ్యం చెప్పిన కథ అయితే చట్టమే చెయ్యడ్డం పెట్టి ప్రశ్నించవద్దంటుంది.

దాని ఖరీదు మనవాళ్ళు చెల్లించారు. కార్మిక సంఘాల న్యాయవాది సుధా భరద్వాజ్‌ని 2018 ఆగస్టులో అరెస్టు చేస్తే, 2021 డిసెంబరు 1న బొంబాయి హైకోర్టు బెయిలిచ్చింది. అదీ ఆరోపణల బలాబలాలు చూసి కాదు. ఛార్జిషీటుకి గడువు పెంచిన కోర్టుకి ఆ అధికారం లేదు కాబట్టి. అదే కేసులో వరవరరావుకి ఆరోగ్య కారణాలమీదే బెయిలు దొరికింది, ముందు 2021 ఫిబ్రవరిలో తాత్కాలికంగా, తర్వాత 2022 ఆగస్టులో సుప్రీంకోర్టులో. నాగపూరులో ఆంగ్ల సాహిత్యం బోధించిన షోమా సేన్ 2018 జూన్‌లో లోపలికెళ్ళింది. ఆమెమీద ఆ కఠిన నిబంధన వర్తించేంత ఆధారం పైపైన కనిపించడం లేదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2024 ఏప్రిల్ 5 వచ్చింది. మనలాగే పాఠాలు చెప్పుకునే ఒకావిడ, పైపైన చూసినా కనిపించని నేరానికి ఆరేళ్ళకి రెండు నెలలు తక్కువ జైల్లో ఉంది.

ఉత్తర్వు వచ్చినా కథ అయిపోదు. పూచీకత్తు ఉంటుంది. 1978లో మోతీరామ్ అనే తాపీపనివాడికి బెయిలిచ్చాక, మేజిస్ట్రేటు పది వేల రూపాయల పూచీ అడిగాడు. అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని అతని పూచీ చెల్లదన్నాడు. దూరదేశంలో అరెస్టయిన మలయాళీ, కన్నడిగుడు, తమిళుడు, తెలుగువాడు అక్కడ ఆస్తిపరుణ్ణి ఎక్కణ్ణుంచి తేగలడని జస్టిస్ కృష్ణయ్యర్ అప్పుడడిగారు. ఆ ప్రశ్నకి నేనొకటి చేరుస్తాను. స్వంత జిల్లాలోనే అయినా ఆడది ఎక్కణ్ణుంచి తెస్తుంది? జామీను ఉండాలంటే ఇంటిపన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో, జీతం సర్టిఫికెట్టో కావాలి. మన ఇళ్ళల్లో అవి ఎవరి పేరుమీద ఉంటాయి? భర్తో, తండ్రో, అన్నో వచ్చి సంతకం పెట్టాలి. ఆ భర్తే కేసులో అవతలివైపు ఉంటే? కూతురు పరువు తీసిందని తండ్రి మొహం చాటేస్తే? బెయిలు వచ్చిందన్న కాగితం పెట్టుకుని లోపలే ఉండిపోయే ఆడవాళ్ళ గురించి మనం ఎక్కువగా రాయలేదు.

ఇప్పుడు మన ఇబ్బంది దగ్గరికి వస్తాను. అత్యాచారం కేసులో నిందితుడికి బెయిలొస్తే మనం ధర్నా చేస్తాం. సుధకీ షోమాకీ బెయిలు రాకపోతే అప్పుడూ ధర్నా చేస్తాం. మీకు నచ్చినవాళ్ళకి బెయిలు, నచ్చనివాళ్ళకి జైలా అని ఎవరైనా అడిగితే ఏం చెబుతాం? ఈ ప్రశ్నని దాటేయకూడదు. బెయిలు నిర్దోషిత్వం కాదు, బెయిలు నిరాకరణ శిక్ష కాకూడదు. ఈ సూత్రాన్ని మనకి కావలసినప్పుడు పట్టుకుని కానప్పుడు వదిలేస్తే, రేపు దాన్ని మనమీదే వాడతారు. విచారణ లేకుండా జైల్లో మగ్గుతున్న వాళ్ళలో దళితులు, ఆదివాసులు, ముస్లిములు జనాభాలో వాళ్ళ వాటాని మించి ఉన్నారని మరిచిపోయే స్త్రీవాదం నాకు అక్కర్లేదు.

అలాగని ఫిర్యాదు చేసినామె భయాన్నీ తేలిగ్గా తీసుకోలేం. నాకు తెలిసిన ఒకావిడకి నిందితుడికి బెయిలొచ్చిందని కోర్టు చెప్పలేదు, పోలీసులు చెప్పలేదు. సాయంత్రం పాలపాకెట్టుకని వెళితే సందు చివర టీకొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. అలా తెలిసిందామెకి. అతను ఏమీ అనలేదు, చూశాడంతే. మర్నాటినుంచీ పిల్లని బడికి పంపడం మానేసింది. ఆ చూపు ఏ ఉత్తర్వులోకీ ఎక్కలేదు.

కాబట్టి మనం అడగాల్సింది బెయిలు ఇవ్వొద్దని కాదు, బెయిలు ఎలా రాస్తున్నారని. ఆమెకి కబురు పంపారా? ఆమె మాట విన్నారా? ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 15ఏ సెక్షన్ 2016 నుంచీ ఆ హక్కు ఇచ్చింది. పదహారేళ్ళలోపు బాలికలపై అత్యాచారం కేసుల్లో ఫిర్యాదీ హాజరు తప్పనిసరి అని 2018 సవరణ చెప్పింది. 2022 ఏప్రిల్‌లో లఖింపుర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు, బాధితుల మాట ప్రతి దశలోనూ వినాలంది. అదే నెలలో జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం, బంధువు చేతిలో అత్యాచారానికి గురైన యువతి కేసులో కారణాలు రాయకుండా ఇచ్చిన బెయిలుని రద్దుచేస్తూ, కారణం చెప్పడమే న్యాయానికి జీవం అన్న అర్థంలో రాసింది. బెయిలు ఇచ్చారని కాదు, ఎందుకిచ్చారో చెప్పలేదని రద్దు చేసింది. మనకి కావలసిన తేడా ఇదే.

పారిపోతాడా, బెదిరిస్తాడా, సాక్ష్యం చెరిపేస్తాడా అన్న ప్రశ్నలకి జవాబు రాయండి. బెదిరిస్తాడన్న భయం ఉంటే ఆ ఊళ్ళో అడుగు పెట్టొద్దని షరతు పెట్టండి, తప్పితే రద్దు చేయండి. ఆమె ఎప్పుడు నిద్రపోయింది, ఏం చదివింది, ఎంత బలహీనంగా ఉంది అన్న కథలు మాత్రం వద్దు. ఈ మాట మనం గట్టిగా అనాలంటే ముందు ఆ కాగితాలు చదవాలి. జిల్లా కోర్టుల ఉత్తర్వులు సంపాదించాలి, వరసగా పెట్టి చూడాలి, ఏ మాట ఎన్నిసార్లు వస్తోందో లెక్క తీయాలి. నవలల్లో, సినిమాల్లో మంచి ఆడదాని బొమ్మని పట్టుకుని చీల్చిన విమర్శకులు మనలో ఎంతమందో ఉన్నారు. అదే బొమ్మ కోర్టు ముద్రతో రోజూ అచ్చవుతోంది. దాన్ని చదివే పని ఒక్క లాయర్లకే వదిలేయడం సరికాదని నాకు అనిపిస్తోంది.